13 జట్లతో మొదలై 11తో ముగిసిన లీగ్: ఇంగ్లండ్ రగ్బీ 2022–23 సీజన్‌లో ఏం జరిగింది?

ఇంగ్లండ్‌లో క్లబ్ రగ్బీకి అన్నిటికంటే పై మెట్టు ప్రీమియర్‌షిప్ లీగ్. దాని 2022–23 సీజన్ పాయింట్ల పట్టిక తీసి చూస్తే 11 జట్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ 20 మ్యాచ్‌లు ఆడింది. పైన సారసెన్స్, అడుగున న్యూకాజిల్ ఫాల్కన్స్. చూడ్డానికి పట్టిక శుభ్రంగా ఉంటుంది, ఎక్కడా తేడా తెలీదు. కానీ 2022 సెప్టెంబర్ 24న న్యూకాజిల్ ఒక మ్యాచ్ ఆడి 39–5తో చిత్తుగా ఓడిపోయింది. ఆ ఓటమి ఈ పట్టికలో లేదు. ఆ రోజు గెలిచిన వూస్టర్ వారియర్స్ జట్టూ లేదు.

సీజన్ మొదలైనప్పుడు జట్లు 13. ఆరు వారాలు తిరక్కముందే రెండు జట్లు డబ్బు లేక మూతపడ్డాయి. ఫైనల్ అయిన పది రోజులకు మూడోది కూడా పోయింది. రగ్బీ పుట్టిన దేశంలో, ఆ ఆటకు అతిపెద్ద సంఘం ఉన్న చోట ఇలా ఎలా జరిగిందో పట్టిక చూస్తే అర్థం కాదు. క్లబ్బుల లెక్కల పుస్తకాలు, లీగ్ నిబంధనలు కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఒక మాట ముందే చెప్తాను. బజారులో పక్క కొట్టు మూతపడితే మన కొట్టుకు గిరాకీ పెరుగుతుంది. ఆటలో అలా ఉండదు. ఎదురుగా నిలబడే జట్టు లేకపోతే మనకు మ్యాచే లేదు, టికెట్టే లేదు. ఒక చేత్తో చప్పట్లు మోగవు. ఈ సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

ముందు ఆట గురించి రెండు ముక్కలు

మన దగ్గర రగ్బీ అంటే ఇప్పుడిప్పుడే కొంత తెలుస్తోంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టు ఆడింది. అయితే అది ఒక్కో వైపు ఏడుగురే ఆడే పొట్టి రగ్బీ. ప్రీమియర్‌షిప్‌లో ఆడేది 15 మంది ఉండే రగ్బీ యూనియన్. 80 నిమిషాల ఆట. బంతిని పట్టుకెళ్లి ఎదుటి వాళ్ల గీత అవతల నేలకు తాకిస్తే ‘ట్రై’, దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో 2. పెనాల్టీ కిక్‌కి 3.

లీగ్ పట్టికలో గెలుపుకు 4 పాయింట్లు, టైకి 2. ఒక మ్యాచ్‌లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ట్రైలు చేస్తే, గెలిచినా ఓడినా, ఒక బోనస్ పాయింట్. ఏడు పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా ఒక బోనస్. అంటే ఓడిన జట్టు కూడా రెండు పాయింట్లు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అందుకే చివరి నిమిషంలో, గెలుపు ఎవరిదో తేలిపోయాక కూడా, ఆటగాళ్లు ప్రాణం పెట్టి ఆడుతుంటారు.

లీగ్ దశ అయ్యాక మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్‌కి వెళ్తాయి. ఐపీఎల్‌కి అలవాటుపడిన మనకు ఇది కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో మాత్రం దీని మీద చాలా గొడవ జరిగింది. 2002–03లో గ్లాస్టర్ జట్టు రెండో స్థానంలో ఉన్న వాస్ప్స్ కంటే 15 పాయింట్లు ముందు నిలిచింది. పాత పద్ధతిలో అయితే కప్పు వాళ్లదే. ప్లేఆఫ్‌లు పెట్టిన మొదటి ఏడాది అది. అప్పటి పద్ధతిలో పట్టికలో మొదటి జట్టు నేరుగా ఫైనల్‌కి వెళ్లేది కాబట్టి గ్లాస్టర్ మూడు వారాలు ఖాళీగా కూర్చుంది. ఆ తర్వాత వచ్చి వాస్ప్స్ చేతిలో 39–3తో ఓడిపోయింది. వాస్ప్స్ అలాగే 2004లోనూ 2005లోనూ పట్టికలో పైన లేకుండానే కప్పు కొట్టింది. కీలకమైన రోజున గెలవడం ఆ జట్టుకు బాగా తెలుసు. ఈ కథలో మూతపడిన రెండో జట్టు అదే.

13 అనే బేసి సంఖ్య

లీగ్‌లో 13 జట్లేంటి అని ఎవరికైనా అనుమానం వస్తుంది. బేసి సంఖ్య ఉంటే ప్రతి వారం ఒక జట్టు ఊరికే కూర్చోవాలి. దీనికి కారణం సారసెన్స్ దగ్గర మొదలవుతుంది. లీగ్‌లో ఆటగాళ్ల జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని వరుసగా మూడు సీజన్లు దాటినట్టు తేలడంతో 2019 నవంబర్‌లో సారసెన్స్‌కు 35 పాయింట్ల కోత, 53 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడ్డాయి. 2020 జనవరికి కోత 105 పాయింట్లకు చేరింది. జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. ఏడాది తర్వాత తిరిగి వచ్చింది. ఈలోగా కోవిడ్ వల్ల ఎవరినీ కిందికి పంపకూడదని లీగ్ నిర్ణయించుకుంది. పైకి ఒక జట్టు వచ్చింది, కిందికి ఏదీ వెళ్లలేదు. అలా 12 కాస్తా 13 అయింది.

2022లో కింది డివిజన్ గెలిచిన ఈలింగ్ జట్టు పైకి వస్తే 14 అయ్యి లెక్క సరిపోయేది. వాళ్ల మైదానం చిన్నది, 10 వేల మందికి పైగా పట్టాలన్న షరతుకు తూగలేదని అనుమతి ఇవ్వలేదు. స్టేడియం లేదని ఒక జట్టుకు తలుపు మూసిన అదే ఏడాది, మంచి స్టేడియాలున్న రెండు జట్లు లోపలి నుంచే కూలిపోయాయి. తలుపు దగ్గర కుర్చీలు లెక్కపెట్టినంత శ్రద్ధగా లోపలున్న వాళ్ల అప్పులు ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత పార్లమెంటు కమిటీ కూడా సంఘాన్నీ లీగ్‌నూ ఈ విషయంలోనే గట్టిగా తప్పుపట్టింది.

వూస్టర్: సోమవారం సాయంత్రం 5 గంటలు

సీజన్ మొదలవడమే బరువుగా మొదలైంది. సెప్టెంబర్ 8న రెండో ఎలిజబెత్ రాణి చనిపోవడంతో శుక్రవారం జరగాల్సిన మ్యాచ్‌లను వాయిదా వేసి అదే వారాంతంలో ఆడించారు. అప్పటికే వూస్టర్ పరిస్థితి అందరికీ తెలుసు. కట్టాల్సిన పన్ను దాదాపు 60 లక్షల పౌండ్లు బాకీ పడింది. క్లబ్‌ను మూసేయించమని పన్నుల శాఖ ఆగస్టులోనే కోర్టుకు వెళ్లింది. ఆ నెల జీతాలు ఆలస్యమయ్యాయి. మామూలు సిబ్బందిలో చాలామందికి కొంత భాగమే అందింది. ప్రతి మ్యాచ్‌కు ముందు భద్రత, వైద్య ఏర్పాట్లు ఉన్నాయని నిరూపించుకోవాల్సి వచ్చింది. సిక్స్‌వేస్ స్టేడియంలో ఎక్సెటర్‌తో ఆడిన మ్యాచ్‌కు 5 వేల లోపు మందినే రానిచ్చారు.

రగ్బీ సంఘం యజమానులకు ఒక గడువు పెట్టింది: సెప్టెంబర్ 26, సోమవారం, సాయంత్రం 5 గంటలు. అడిగినవి మూడు. బీమా ఉందని చూపించాలి, జీతాలకు డబ్బుందని చూపించాలి, ముందుకు ఎలా నడుపుతారో నమ్మదగ్గ ప్రణాళిక ఇవ్వాలి. బీమాను మొదట పెట్టడంలో అర్థముంది. వంద కిలోల పైబడిన మనుషులు పరుగెత్తుకొచ్చి ఒకరినొకరు గుద్దుకునే ఆట ఇది. బీమా లేకుండా ఒక్క నిమిషం కూడా మైదానంలోకి దిగనివ్వరు.

ఆ గడువుకు రెండు రోజుల ముందు, శనివారం, సిక్స్‌వేస్‌కి న్యూకాజిల్ వచ్చింది. ఆడుతున్న వాళ్లకు వచ్చే వారం ఈ జట్టు ఉంటుందో లేదో తెలీదు. గేటు దగ్గర టికెట్లు చూసేవాళ్లకు, మైదానం గీతలు గీసేవాళ్లకు చేసిన పనికి డబ్బొస్తుందన్న హామీ లేదు. అయినా వచ్చారు, మ్యాచ్ నడిపారు. ఆ రోజు వూస్టర్ ఆ సీజన్‌లో తన అత్యుత్తమ ఆట ఆడింది. 39–5. లీగ్‌లో మూడో మ్యాచ్, మొదటి గెలుపు. సోమవారం 5 గంటలకు అడిగిన కాగితాలు రాలేదు. జట్టును సస్పెండ్ చేశారు. క్లబ్‌కు పెద్ద అప్పిచ్చిన ప్రభుత్వమే దాన్ని అడ్మినిస్ట్రేషన్‌లో పెట్టించింది.

అడ్మినిస్ట్రేషన్ అంటే మన దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీ అనే ట్రిబ్యునల్ ఒక కంపెనీని యజమానుల చేతిలోంచి తీసుకుని నిపుణుడికి అప్పగించడం లాంటిదే. కొనేవాళ్లు దొరికితే నడిచే సంస్థగా అమ్ముతారు, దొరక్కపోతే ముక్కలుగా అమ్ముతారు. వూస్టర్ విషయంలో ఒక మెలిక ఉంది. ఆటగాళ్లతో, సిబ్బందిలో కొందరితో ఒప్పందాలు క్లబ్ పేరు మీద కాకుండా వేరే చిన్న కంపెనీ పేరు మీద ఉన్నాయి. అక్టోబర్ 5న కోర్టు ఆ కంపెనీని మూసేయమంది. ఆ ఒక్క ఉత్తర్వుతో అందరి ఒప్పందాలూ రద్దయ్యాయి. స్టేడియం ఉంది, పేరు ఉంది, జట్టు మాత్రం లేదు. మర్నాడే వూస్టర్ ఆ సీజన్‌లో ఇక ఆడదని, ఆపైన కింది డివిజన్‌కు దింపుతున్నామని తేలిపోయింది.

వాస్ప్స్: 35 మిలియన్ల బాండు

వూస్టర్ కథ విని బాధపడినవాళ్లు వాస్ప్స్ వార్త విని నిర్ఘాంతపోయారు. 1867లో పుట్టిన క్లబ్. ఇంగ్లండ్ చాంపియన్లుగా ఆరుసార్లు, యూరప్ చాంపియన్లుగా రెండుసార్లు (2004, 2007) నిలిచిన జట్టు. 

దశాబ్దాలుగా లండన్‌లోనూ దాని చుట్టుపక్కలా ఆడిన ఈ జట్టు 2014 డిసెంబర్‌లో 130 కిలోమీటర్లకు పైగా దూరంలోని కోవెంట్రీకి మకాం మార్చింది. అక్కడి 32 వేల సీట్ల స్టేడియాన్నే కొనేసింది. అద్దె కట్టే బదులు సొంత ఇల్లు, హోటలు, కాన్ఫరెన్సులు, కచేరీలు అన్నిటి మీదా ఆదాయం. ఆలోచన బాగానే ఉంది. డబ్బు కోసం 2015లో బాండ్లు అమ్మింది. మొత్తం 35 మిలియన్ పౌండ్లు, మన లెక్కలో 300 కోట్ల రూపాయలకు పైనే. వడ్డీ 6.5 శాతం, గడువు ఏడేళ్లు. మామూలు జనం, అభిమానులు కూడా కొన్నారు.

ఇప్పుడు లెక్క వేయండి. 35 మిలియన్లకు 6.5 శాతం అంటే ఏటా దాదాపు 22 లక్షల 75 వేల పౌండ్లు వడ్డీకే పోతాయి. ఏడేళ్లకు సుమారు 16 మిలియన్లు. అదంతా కట్టాక కూడా అసలు 35 మిలియన్లు అలాగే ఉంటాయి, 2022 మేలో ఒక్కసారిగా తిరిగివ్వాలి. ఈ మధ్యలో స్టేడియం సగం కూడా నిండని మ్యాచ్‌లు, ఏడాదిపైగా కోవిడ్. మే వచ్చింది, డబ్బు రాలేదు.

ఆ వేసవిలో ఇదే చోట బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఆగస్టులో బజరంగ్ పునియా, సాక్షి మలిక్, వినేశ్ ఫోగట్ కుస్తీలో బంగారు పతకాలు గెలిచింది ఈ కోవెంట్రీ ప్రాంగణంలోనే. మనవాళ్ల మెడలో పతకాలు చూసి మనం మురిసిపోతున్నప్పుడు ఆ భవనం యజమాని బాండు డబ్బు ఎక్కడ తేవాలా అని తిరుగుతున్నాడు. రెండు నెలలకు, అక్టోబర్ 17న, వాస్ప్స్ కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అదే రోజు 167 మంది ఉద్యోగాలు పోయాయి. ఆటగాళ్లు, కోచ్‌లు అందరూ అందులో ఉన్నారు. స్టేడియాన్ని మైక్ ఆష్లీకి చెందిన ఫ్రేజర్స్ గ్రూప్ కొనుక్కుంది.

రెండు క్లబ్బులూ ఒకే వాదన వినిపించాయి. ఇది కోవిడ్ వల్ల వచ్చిన కష్టం, మా తప్పు కాదు, కింది డివిజన్‌కు దించకండి అని. తప్పు లేకుండా దివాలా తీస్తే మినహాయింపు ఇచ్చే నిబంధన నిజంగానే ఉంది. సంఘం ఒప్పుకోలేదు. కోవిడ్ 13 క్లబ్బులకూ వచ్చింది, రెండే మూతపడ్డాయి కదా అన్నది ఈ నిర్ణయాన్ని సమర్థించేవాళ్ల వాదన. నాకైతే ఇందులో సగం న్యాయమే కనిపిస్తుంది. మిగతా 11 క్లబ్బులు బతికింది లాభాల మీద కాదు, యజమానుల జేబుల మీద. ఎవరి యజమాని ఇంకా ఓపిక పట్టగలడన్నదే అసలు తేడా.

చెరిపేసిన మ్యాచ్‌లు

సీజన్ మధ్యలో జట్టు పోతే అప్పటికే అది ఆడిన మ్యాచ్‌లను ఏం చేయాలి? అలాగే ఉంచితే వూస్టర్‌ను ఓడించిన జట్లకు పాయింట్లుంటాయి, ఇంకా దానితో ఆడని జట్లకు ఆ అవకాశమే ఉండదు. మిగిలిన మ్యాచ్‌లన్నీ ఎదుటి జట్లు గెలిచినట్టు రాస్తే, ఇప్పటికే ఓడిపోయిన న్యూకాజిల్‌కి అన్యాయం. అందుకని రెండు జట్ల ఫలితాలన్నీ పట్టిక నుంచి తీసేశారు. వూస్టర్‌పై గెలిచిన లండన్ ఐరిష్, ఎక్సెటర్ ఆ పాయింట్లు పోగొట్టుకున్నాయి. న్యూకాజిల్ ఖాతాలోంచి ఒక ఓటమి, 34 పాయింట్ల లోటు మాయమయ్యాయి. అందరికీ సమానంగా ఉండే పద్ధతి అదొక్కటే కాబట్టి తప్పలేదు.

డబ్బు పరంగా దెబ్బ ఎంత పెద్దదో ఒక చిన్న గుణకారం చెప్తుంది. 13 జట్లు ఒక్కొక్కదానితో సొంతూళ్లో ఒకసారి, బయట ఒకసారి ఆడితే మొత్తం 156 మ్యాచ్‌లు. 11 జట్లైతే 110. పోయిన జట్లు 13లో 2, అంటే 15 శాతం. పోయిన మ్యాచ్‌లు 46, అంటే దాదాపు 30 శాతం. మరుసటి ఏడాది 10 జట్లకు 90 మ్యాచ్‌లే. జట్లు 23 శాతం తగ్గితే మ్యాచ్‌లు 42 శాతం తగ్గాయి. ప్రతి క్లబ్‌కు సొంత మైదానంలో 12 మ్యాచ్‌లు ఉండాల్సింది, 10 అయ్యాయి, ఆ తర్వాత 9. సొంత మైదానంలో మ్యాచ్ అంటే టికెట్లు, బీరు, బర్గర్లు, పార్కింగ్, ప్రకటనలు. వూస్టర్ మూతపడితే డబ్బు నష్టపోయింది వూస్టర్ ఒక్కటే కాదు.

హైదరాబాద్ వాళ్లకు డెక్కన్ చార్జర్స్ గుర్తుండే ఉంటుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన జట్టు, 2012లో రద్దయింది. అయితే అది సీజన్ అయ్యాక జరిగింది. 2013 సీజన్ వచ్చేసరికి సన్‌రైజర్స్ సిద్ధంగా ఉంది. మ్యాచ్‌ల సంఖ్య తగ్గలేదు, ఉప్పల్‌లో లైట్లు ఆరలేదు. ఐపీఎల్‌లో ఒక జట్టు స్థానాన్ని కొనడానికి జనం వరసలో నిలబడతారు. ఇంగ్లండ్ రగ్బీలో ఖాళీ అయిన స్థానాన్ని నింపడానికి ఎవరూ రాలేదు. రెండు లీగ్‌లకూ ఉన్న దూరం ఇక్కడే తెలుస్తుంది.

ఎందుకింత నష్టం?

రగ్బీ యూనియన్‌లో ఆటగాళ్లకు జీతాలివ్వడం అధికారికంగా మొదలైంది 1995 ఆగస్టులో. అంతకు ముందు అది వట్టి అభిరుచి ఆట. అంటే ప్రొఫెషనల్ ఆటగా దీని వయసు మూడు దశాబ్దాలే. ఫుట్‌బాల్‌కి ఉన్నంత టీవీ డబ్బు దీనికి ఎప్పుడూ రాలేదు. స్టేడియాలు చిన్నవి. ఏడాదికి పదో పన్నెండో మ్యాచ్‌లు. ఖర్చు మాత్రం పెద్దది, ఎందుకంటే ఈ ఆటలో గాయాలు ఎక్కువ. 15 మంది ఆడాలంటే 40 మందిని పోషించాలి.

అప్పట్లో ఒక జట్టు జీతాల ప్రాథమిక పరిమితి 5 మిలియన్ పౌండ్లు. కోవిడ్ దెబ్బకు 6.4 నుంచి అక్కడికి తగ్గించారు. మన డబ్బులో 45–50 కోట్లు, ఏడాది పొడవునా. 2023 ఐపీఎల్‌లో రెండు నెలల ఆట కోసం ఒక్కో జట్టు 95 కోట్ల వరకూ ఖర్చు పెట్టుకోవచ్చు. అంటే ఐపీఎల్ జట్టు ఖర్చులో సగం ఉన్న జీతాల బిల్లును కూడా రగ్బీ క్లబ్బులు మోయలేకపోయాయి. ఆటగాళ్లు అత్యాశకు పోయారని అనేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

ఇంకో చిక్కు దేశం తరఫున ఆడే మ్యాచ్‌లతో. నవంబర్‌లో, ఫిబ్రవరి–మార్చి నెలల్లో ఇంగ్లండ్ జట్టు ఆడుతుంటుంది. అప్పట్లో అదే సమయంలో లీగ్ కూడా చాలావరకు నడుస్తూనే ఉండేది. జనం ఎవరిని చూడ్డానికి టికెట్ కొంటారో ఆ ఆటగాళ్లే ఉండేవాళ్లు కాదు. విరాట్ కోహ్లీ లేకుండా బెంగళూరు సగం మ్యాచ్‌లు ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆటగాళ్లను వదిలినందుకు సంఘం క్లబ్బులకు డబ్బిస్తుంది, కానీ దాంతో ఖాళీ సీట్లు నిండవు.

2018 చివర్లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థ 200 మిలియన్ పౌండ్లకు పైగా ఇచ్చి లీగ్‌లో 27 శాతం వాటా కొంది. క్లబ్బులు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ వచ్చింది ఒక్కసారి వచ్చే డబ్బు, ఇచ్చేసింది ఏటా రావాల్సిన ఆదాయంలో నాలుగో వంతు పైన. పొలం అమ్మిన డబ్బుతో ఇల్లు గడిపినట్టు అయింది. ఏడాదిన్నర తిరక్కుండానే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, కోవిడ్ వచ్చి పడింది. స్టేడియాల గేట్లు మూతపడ్డాయి. ప్రభుత్వం క్లబ్బులన్నిటికీ కలిపి 100 మిలియన్ పౌండ్లకు పైగా అప్పులిచ్చింది. గ్రాంటు కాదు, అప్పు. ఆ రోజు అది ప్రాణం నిలబెట్టింది నిజమే. ఆ తర్వాత అదే మరో బరువైంది.

ఇంత గందరగోళంలోనూ ఆట

మైదానంలో మాత్రం ఆ ఏడాది ఆట చాలా బాగుంది. అది చెప్పకపోతే ఆటగాళ్లకు అన్యాయం చేసినట్టే. అంతకు ముందు ఏడాది చాంపియన్ లెస్టర్ టైగర్స్ డిసెంబర్‌లో కోచ్ స్టీవ్ బోర్త్‌విక్‌ను పోగొట్టుకుంది. తన కోచ్ ఎడ్డీ జోన్స్‌ను తీసేసిన ఇంగ్లండ్ అతన్ని పట్టుకుపోయింది. అప్పటిదాకా అదే జట్టులో ఆడుతున్న 39 ఏళ్ల రిచర్డ్ విగిల్స్‌వర్త్ ఆట మానేసి తాత్కాలికంగా ప్రధాన కోచ్ అయ్యాడు. లెస్టర్ మూడో స్థానంలో నిలిచింది.

మూతపడిన క్లబ్బుల ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు. వూస్టర్ కెప్టెన్ టెడ్ హిల్, ఓలీ లారెన్స్ బాత్‌కు వెళ్లారు. అంతకు ముందు సీజన్‌లో అట్టడుగున ఉన్న బాత్ ఎనిమిదో స్థానానికి ఎక్కి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. వాస్ప్స్‌లో ఆడిన జాక్ విల్లిస్ ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో చేరాడు. మామూలుగా విదేశీ క్లబ్‌లో ఆడితే ఇంగ్లండ్ జట్టులోకి తీసుకోరు. క్లబ్ మూతపడటం అసాధారణ పరిస్థితి అని అతనికి మినహాయింపు ఇచ్చారు. అతను ఇంగ్లండ్‌కి ఆడాడు, ఆ ఏడాదే టులూజ్‌తో ఫ్రెంచ్ లీగ్ కూడా గెలిచాడు. పేరున్నవాళ్లకు ఇలా దారి దొరికింది. అకాడమీ కుర్రాళ్లు, ఫిజియోలు, ఆఫీసులో పనిచేసిన వాళ్లు ఏమయ్యారో పత్రికల్లో పెద్దగా రాలేదు.

సెమీఫైనల్స్‌లో సారసెన్స్ 38–15తో నార్తాంప్టన్‌ను, సేల్ షార్క్స్ 21–13తో లెస్టర్‌ను ఓడించాయి. మే 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఫైనల్. సేల్‌కు 2006 తర్వాత ఇదే మొదటి ఫైనల్. సారసెన్స్‌కు అంతకు ముందు ఏడాది చివరి నిమిషాల డ్రాప్ గోల్‌తో (ఆట మధ్యలో బంతిని నేలకు వదిలి తన్నే గోల్) 15–12తో ఓడిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. సారసెన్స్ వైపు ఓవెన్ ఫారెల్, సేల్ వైపు జార్జ్ ఫోర్డ్, చిన్నప్పటి నుంచీ స్నేహితులు. మొదటి సగంలో ఇద్దరు చమురు వ్యతిరేక ఉద్యమకారులు మైదానంలోకి దూసుకొచ్చి నారింజ రంగు పొడి చల్లారు, ఆట కాసేపు ఆగింది. ఆఖరి 20 నిమిషాల్లోకి అడుగుపెట్టేటప్పటికి సేల్ 25–23తో ముందుంది. అక్కడి నుంచి సారసెన్స్ ఇంకొక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఇవాన్ వాన్ జిల్ ఒక ట్రై, ఎలియట్ డేలీ ఇంకో ట్రై. 35–25. ఆరో కప్పు. జీతాల కేసులో కింది డివిజన్‌కు దిగి మళ్లీ పైకొచ్చిన జట్టుకు ఆ రోజు కొట్టిన చప్పట్లలో అందరివీ లేవు. కానీ ఆ చివరి పావుగంట ఆటను మెచ్చుకోకుండా ఉండలేం.

ఐదో స్థానం వాళ్ల సంగతి

పట్టికలో నాలుగో స్థానం దాకా సెమీఫైనల్. ఐదో స్థానంలో లండన్ ఐరిష్. లండన్‌లో స్థిరపడిన ఐర్లండ్ వాళ్లు 1898లో పెట్టుకున్న క్లబ్. కుర్రాళ్లతో నిండిన జట్టు, చూడముచ్చటైన ఆట, వచ్చే ఏడాది యూరప్ చాంపియన్స్ కప్‌లో చోటు. ట్వికెన్‌హామ్‌లో ఫైనల్ జరుగుతున్న రోజుకి ఈ క్లబ్ గడువుకు మూడు రోజులే మిగిలాయి. అమెరికా పెట్టుబడిదారులు కొంటామన్నారు. చర్చలు నెలల తరబడి సాగాయి, డబ్బు మాత్రం రాలేదు. మే 30 నాటి గడువును సంఘం జూన్ 6 దాకా పొడిగించింది. అప్పటికీ అమ్మకం తేలలేదు. జూన్ 6న లండన్ ఐరిష్‌ను లీగ్ నుంచి సస్పెండ్ చేశారు. అప్పులు దాదాపు 30 మిలియన్ పౌండ్లు.

ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వూస్టర్, వాస్ప్స్ సీజన్ మొదట్లోనే పోయాయి. ఐరిష్ కుర్రాళ్లు మాత్రం సీజనంతా ఆడారు, ఐదో స్థానం సంపాదించారు. ఆ స్థానంతో దక్కాల్సిన యూరప్ చోటు వాళ్లకు దక్కలేదు. తొమ్మిదో స్థానంలో ఉన్న బ్రిస్టల్ చాంపియన్స్ కప్‌కు వెళ్లింది. ఐరిష్ కుర్రాళ్లలో హెన్రీ అరండెల్ ప్యారిస్‌లోని రేసింగ్ 92 క్లబ్‌లో చేరాడు. కొద్ది నెలలకే 2023 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ తరఫున చిలీ మీద ఐదు ట్రైలు చేశాడు.

అదే సీజన్‌లో కింది డివిజన్ గెలిచిన జట్టు జెర్సీ రెడ్స్. ఇంగ్లిష్ చానల్‌లోని చిన్న ద్వీపం జట్టు. గెలిచిన కొద్ది నెలలకే, 2023 సెప్టెంబర్‌లో, అదీ డబ్బు లేక మూతపడింది. పై మెట్టులో ఐదో స్థానం, కింది మెట్టులో మొదటి స్థానం, రెండూ గాలిలో కలిసిపోయాయి.

ఆ తర్వాత లీగ్ పది జట్లతోనే నడుస్తోంది. 2024లో నార్తాంప్టన్, 2025లో బాత్ కప్పు గెలిచాయి. ఆ 39–5 రోజున ఓడిన న్యూకాజిల్‌ను 2025లో రెడ్ బుల్ కొని పేరు మార్చింది. వాస్ప్స్‌కు ఇప్పటికీ సొంత మైదానం లేదు. వూస్టర్ మాత్రం మూడేళ్ల తర్వాత, 2025–26 సీజన్‌కు, కింది డివిజన్‌లో మళ్లీ జట్టును దించింది. మ్యాచ్‌లు ఆ సిక్స్‌వేస్‌లోనే.